డెబ్బై మీటర్ల రాంగ్ సైడ్: ఒక సైకిల్ ప్రమాదం కేసు

పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో మోటారు ప్రమాదాల క్లెయిమ్ కేసులు చేస్తున్నాను, ఎక్కువగా దెబ్బ తగిలినవాళ్ల తరఫున. బైకులవి, ఆటోలవి, బస్సులవి లెక్కలేనన్ని చూశాను కానీ సైకిల్ కేసులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సైకిళ్లకు ప్రమాదాలు జరగక కాదు. సైకిల్ తొక్కేవాళ్లలో చాలామంది లాయర్ దాకా రారు. ఆస్పత్రి ఖర్చులకు కారువాడు పాతికవేలు చేతిలో పెడితే తెల్లకాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోతారు. వచ్చిన కొద్దిమందిలో ఒకరి కేసు మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. పేర్లు, ఆనవాళ్లు తీసేశాను.

2023 జులై రెండో వారం. నిజాంపేట, బాచుపల్లి వైపు వెలిసిన వంద అడుగుల రోడ్లలో ఒకటి. ఆయనకు నలభై ఏడేళ్లు, సొంతూరు పాలమూరు జిల్లా, ఒక గేటెడ్ కమ్యూనిటీలో నైట్ డ్యూటీ సెక్యూరిటీ గార్డు, జీతం పద్నాలుగు వేలు. పొద్దున ఆరింటికి డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి బయల్దేరాడు. గేటు దాటిన రెండు నిమిషాల్లో ఎదురుగా వచ్చిన కారు గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. రాడ్ వేశారు, తర్వాత ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ తెరిచారు. ఆరు నెలలు మంచం.

ఆ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు. మధ్యలో డివైడర్, అటూ ఇటూ ఏడేసి మీటర్ల రోడ్డు. అపార్ట్‌మెంట్ గేటు, ఈయన ఉండే బస్తీ సందు రెండూ రోడ్డుకు ఒకే పక్కన ఉన్నాయి, మధ్య దూరం డెబ్బై మీటర్లు. కాకపోతే గేటు ముందు బండ్లన్నీ ఎడమకి పోతాయి, సందు కుడివైపు ఉంది. రూలు ప్రకారం పోవాలంటే ఎడమకి తిరిగి తొమ్మిది వందల మీటర్లు పోయి యూటర్న్ తీసుకుని, అవతలి వైపు వెనక్కి వచ్చి, సందును దాటి ఇంకో ఆరు వందల మీటర్లు పోయి అక్కడ మళ్లీ యూటర్న్ తీసుకుని రావాలి. నేను బండి మీద కొలిచాను, మూడు కిలోమీటర్ల పైనే వచ్చింది. రాత్రంతా నిలబడ్డ మనిషి ఆ డెబ్బై మీటర్లకు ఏ దారిన పోతాడో చెప్పడానికి లా చదవనక్కర్లేదు. ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఎదురు తొక్కాడు, ఐదేళ్లుగా రోజూ తొక్కినట్టే.

పన్నెండో రోజున ఆయన భార్య, డిగ్రీ చదివే కొడుకు మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి బిల్లులున్న ప్లాస్టిక్ కవరు. ఎఫ్‌ఐఆర్ చదవగానే నాకు తల పట్టుకోవాలనిపించింది. ఫిర్యాదు రాసిచ్చింది బావమరిది, ఆయన ప్రమాదం చూడనే లేదు, రాసింది రెండు రోజుల తర్వాత. "తెల్లవారుజామున మా బావ సైకిల్‌పై రోడ్డు దాటుచుండగా" అని ఉంది. తెల్లవారుజామున అంటే చీకటి. దాటుతుండగా అంటే అడ్డం వచ్చాడని. ఒక్క వాక్యంలో రెండు తప్పులు, రెండూ ఇన్సూరెన్స్ కంపెనీకి పనికొచ్చేవి. పోలీసుల రఫ్ స్కెచ్‌లో రోడ్డు మధ్యలో ఎక్కడో ఒక ఇంటూ గుర్తు, కొలతలు ఒక్కటీ లేవు. అప్పటికి పాత శిక్షాస్మృతి ఐపీసీ అమల్లో ఉంది కాబట్టి కేసు 337 కింద కట్టి, ఎముక విరిగిందని సర్టిఫికెట్ వచ్చాక 338కి మార్చారు. ఇప్పుడైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, 125లో ఎ, బి క్లాజులు.

నా తప్పు ఇక్కడే జరిగింది. క్లెయిమ్ పిటిషన్లలో మాకు ఒక అచ్చు వాక్యం ఉంటుంది, జూనియర్లు నిద్రలో కూడా టైప్ చేస్తారు: "పిటిషనర్ రోడ్డుకు తన ఎడమవైపున, నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లుచుండగా". నవంబరులో ఫైల్ చేసిన మా పిటిషన్‌లోనూ అదే పడింది. నేను చదివే సంతకం పెట్టాను. కళ్లు చదివాయి, బుర్ర చదవలేదు. ప్రమాదమైన ఆరు నెలల్లోగా క్లెయిమ్ వేయాలని 2022 ఏప్రిల్ నుంచి మోటారు వాహనాల చట్టం 166(3) మళ్లీ అమల్లోకి వచ్చింది కదా, ఆ తేదీ మీదే దృష్టంతా.

ఆయన చేతికర్రతో మొదటిసారి ఆఫీసుకు వచ్చినప్పుడు ఛీఫ్ అఫిడవిట్ (ఆయన సాక్ష్యంగా దాఖలు చేసే ప్రమాణ పత్రం) కోసం పిటిషన్ చదివి వినిపించాను. ఎడమవైపున అనే మాట దగ్గర ఆపేశాడు.

"అది తప్పు మేడమ్. నేను రాంగ్ సైడే వచ్చిన."

"అన్నా, ఆ మాట నువ్వు బోనులో చెప్తే పైసలు తగ్గుతయి."

"తగ్గితే తగ్గనీ. ఆడ టిఫిన్ బండాయన చూసిండు, వాచ్‌మెన్ చూసిండు. రేపు ఆ వకీలు అడుగుతే నేను ఏమని చెప్పాలె?"

మా జూనియర్ అలాగే ఉంచుదామంది. నాకు 2016లో ఓడిపోయినంత పనైన ఇంకో సైకిల్ కేసు గుర్తొచ్చింది. అందులోనూ ఇదే అచ్చు వాక్యం. క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలడిగినప్పుడు, క్లయింటు తడబడ్డాడు, ఫోటోలో సైకిల్ ఇంకోవైపు కనబడింది, సగానికి సగం కోత పడింది. అక్కడ మమ్మల్ని ముంచింది రాంగ్ సైడ్ కంటే ఎక్కువ ఆ అబద్ధం. ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా సాక్ష్యం మీదా జడ్జికి నమ్మకం పోతుంది. ఈసారి పిటిషన్ సవరణకు ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేశాం. కంపెనీ లాయరు వ్యతిరేకించాడు, ప్రమాద క్లెయిమ్‌లు విచారించే ట్రిబ్యునల్ ఐదు వందలు ఖర్చుల కింద కట్టమని అనుమతించింది. ఆ వాక్యం తీసేసి, గేటు నుంచి సందు వరకు డెబ్బై మీటర్లు, ఫుట్‌పాత్ అంచు వెంబడి, ఎదురు దిశలో అని ఉన్నదున్నట్టు రాశాం.

ఇప్పుడు చట్టం సంగతి. చాలామంది అనుకున్నట్టు సైకిల్‌కు ఒక రూల్ పుస్తకం లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 2(28) చెప్పే మోటారు వాహనం నిర్వచనంలోకి సైకిల్ రాదు. అందుకే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. హెల్మెట్ చెప్పే సెక్షన్ 129 మోటార్‌సైకిల్ గురించే. 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లు కూడా ముఖ్యంగా బండి నడిపేవాళ్లకు చెప్పినవే: నడిచేవాళ్లు, సైకిల్‌వాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తగా ఉండమని, ఫుట్‌పాత్ మీదా సైకిళ్లకని కేటాయించిన ట్రాక్ మీదా బండి ఎక్కించొద్దని. మరి సైకిల్‌వాడు ఇష్టమొచ్చినట్టు పోవచ్చా అంటే, కాదు. నిర్లక్ష్యంగా తోలడం గురించి చెప్పే పాత ఐపీసీ 279, ఇప్పటి బీఎన్‌ఎస్ 281లో ఉన్న మాట "ఏదైనా వాహనం". అక్కడ ఇంజన్ ఉందా లేదా అనే ప్రశ్న లేదు. ఇక క్లెయిమ్ ట్రిబ్యునల్ అయితే మామూలు జాగ్రత్త ఉన్న మనిషి ఎలా పోతాడో అలా పోయావా అని చూస్తుంది, అక్కడ ఎడమవైపు పోవడం అనేది సైకిల్‌కూ కొలబద్దే.

వీటికి తోడు లోకల్ నోటిఫికేషన్లు ఉంటాయి. హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఆంక్షలు ఎక్కువగా పోలీసు కమిషనర్ హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్, 1348 ఫస్లీ, సెక్షన్ 21 కింద ఇస్తారు. నిజాం కాలపు చట్టం, ఇప్పటికీ గణేశ్ నిమజ్జనం దారి మళ్లింపుల దాకా దాని మీదే నడుస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీద మోటార్‌సైకిల్‌కే ప్రవేశం లేదు, సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు, సర్వీసు రోడ్డు వాడుకోవాలి. ఎర్ర గుండ్రంలో సైకిల్ బొమ్మ ఉంటే సైకిల్ పోకూడదని, నీలం గుండ్రంలో ఉంటే అది సైకిల్‌వాళ్ల దారి అని. ఈ రెండు బోర్డులకు తేడా తెలియని కార్లవాళ్లు ఎంతమందో నేను లెక్క చెప్పలేను కానీ క్రాస్‌లో కంపెనీ లాయరే ఒకసారి తిరగేసి చెప్పాడు.

మా నాన్న చెప్పేవారు, వాళ్ల కాలంలో సైకిల్‌కు మున్సిపాలిటీ బిళ్ల ఉండాలి, రాత్రి దీపం ఉండాలి, డబుల్స్ ఎక్కించుకుంటే పోలీసు ఆపి గాలి తీసేసేవాడు, నాలుగు మైళ్లు తోసుకుంటూ ఇంటికి రావాలి. సైకిల్ అప్పుడు ట్రాఫిక్. ఇప్పుడు ఎవడూ ఆపడు, ఎవడూ చూడడు కూడా.

సరే, కేసులోకి వద్దాం. కంపెనీ వాదన మూడు మాటల్లో: రాంగ్ సైడ్, చీకటి, లైట్ లేదు. కాబట్టి సగం తప్పు ఇతనిదే, సగం కోయండి. మా వాదన ఒక్కటే: కారు ఆ అంచుకు ఎందుకొచ్చింది? ఏడు మీటర్ల రోడ్డులో సైకిల్ ఉన్నది అంచు నుంచి రెండు అడుగుల్లో. ఈ రెండు అడుగులు రుజువు చేయగలిగితే కేసు నిలుస్తుంది, లేకపోతే లేదు.

సైకిల్ చూపిద్దామంటే సైకిల్ లేదు. పోలీసులు ఫోటో తీసి వదిలేస్తే, పదో రోజున ఇంట్లోవాళ్లు పాత ఇనుప సామాన్లవాడికి నాలుగు వందలకు అమ్మేశారు. ఆస్పత్రిలో ఉన్న మనిషికి పాలప్యాకెట్లు కొనాలి, వాళ్లను తిట్టే నోరు నాకు రాలేదు. పోలీసు ఫోటోలో సైకిల్ స్టేషన్ గోడకు ఆనించి ఉంది, రోడ్డు మీద ఎక్కడ పడిందో దాంట్లో తెలియదు.

కొడుకును టిఫిన్ బండి దగ్గరికి పంపాను. ఆ బండాయన ఆ రోజు ఫోన్‌లో ఒక్క ఫోటో తీశాడట, కారు నంబర్ కోసం. అందులో కారు వెనక భాగం, దాని పక్కన పడిపోయిన సైకిల్, సైకిల్ ముందు చక్రం కింద ఒక మ్యాన్‌హోల్ మూత. ఆ మూత ఈ కేసును నిలబెట్టింది. రోడ్డు మీద అన్నీ కదులుతాయి, మ్యాన్‌హోల్ కదలదు. ఒక ఆదివారం పొద్దున టేపు పట్టుకుని పోయాం: ఫుట్‌పాత్ అంచు నుంచి మూత మధ్య భాగానికి అరవై సెంటీమీటర్లు. పక్కన పెట్టి చూస్తే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో ఎవరూ పట్టించుకోని ఒక లైను: ఎడమవైపు హెడ్‌లైట్, ఎడమవైపు బంపర్ మూల దెబ్బతిన్నాయి. అంటే కారు ఎడమ మూల అంచుకు రెండు అడుగుల దూరంలో ఉంది. రోడ్డు మధ్యలో పెట్టిన ఇంటూ గుర్తుకు అక్కడితో విలువ పోయింది.

కారు ఎందుకు అంత అంచుకు వచ్చిందనేది సీసీ కెమెరాలో దొరికింది. అపార్ట్‌మెంట్ గేటు కెమెరాకు గుద్దిన చోటు కనబడదు కానీ దానికి ముందు ముప్పై మీటర్లు కనబడుతుంది. కుడి లేన్‌లో కంకర టిప్పర్ నెమ్మదిగా పోతోంది, దాన్ని ఈ కారు ఎడమవైపు నుంచి దాటుతోంది. ముందు బండి కుడికి తిరగడానికి మధ్యకు జరిగినప్పుడు లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు, అక్కడ డివైడర్‌లో గ్యాప్ లేదు కాబట్టి టిప్పర్ తిరిగే ప్రశ్నే లేదు. ఆ రికార్డర్‌లో పదిహేను రోజులకోసారి పాతది చెరిగిపోతుంది. మా దగ్గరికి వచ్చింది పన్నెండో రోజు. ఇంకో మూడు రోజులు ఆలస్యమైతే ఈ పేరా ఉండేది కాదు. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోవడం సులువే, దానికి పాత సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం, తీసుకోవడమే కష్టం. అసోసియేషన్ సెక్రటరీ గారు కోర్టు అనే మాట వినగానే ఫోన్ ఎత్తడం మానేశారు. ఐదుసార్లు తిరిగాం. కొత్త సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 63, నంబర్ మారినా తిరుగుడు అంతే.

ఇంకో చిక్కు. ఆ రికార్డర్ గడియారం నలభై నిమిషాలు వెనక ఉంది, తెర మీద 5:31 అని కనబడుతోంది. కంపెనీ లాయరు దాన్ని పట్టుకున్నాడు, చూశారా చీకటి అని. దానికి మా జవాబు 108కి కాల్ వెళ్లిన సమయం, 6:14. ఇక సూర్యోదయం ఎప్పుడు? జూనియర్ ఇంటర్నెట్ ప్రింటవుట్ తీసుకురాబోయింది. నేను ఇంట్లో గోడకున్న క్యాలెండర్ పంచాంగం పట్టుకెళ్లాను, ఆ తేదీ గడిలో సూర్యోదయం ఉదయం ఆరు కాకముందే. జడ్జి గారు కళ్లజోడు సర్దుకుని చదివారు, ఆ తర్వాత చీకటి మాట ఎవరూ ఎత్తలేదు.

క్రాస్ ఎగ్జామినేషన్ నేను చూసిన విచిత్రమైనవాటిలో ఒకటి. మొదటి ప్రశ్న, నీకు డ్రైవింగ్ లైసెన్సు ఉందా? సైకిల్‌కు! ఈయన అయోమయంగా నా వైపు చూశాడు. తర్వాత హెల్మెట్ పెట్టుకున్నావా? విరిగింది కాలు. తర్వాత లైట్, బెల్లు. లైట్ లేదు, బెల్లు ఉంది కొట్టలేదు అన్నాడు. ఇక్కడ నాకు పనికొచ్చింది 2020లో సుప్రీంకోర్టు మహమ్మద్ సిద్ధిఖ్ కేసులో చెప్పిన మాట. అందులో బైక్ మీద ముగ్గురు పోతున్నారు, అది చట్టవిరుద్ధమే, కానీ ఆ ఉల్లంఘన వల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెరిగిందనో చూపకుండా వాళ్ల తప్పూ ఉందని కోత వేయకూడదు అంది. అదే ఇక్కడ: తెల్లారిన తర్వాత లైట్ లేకపోతే ఏంటి, కాలు విరిగితే హెల్మెట్‌తో పనేంటి?

ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. "ఫుట్‌పాత్ ఉండగా, సైకిల్ ట్రాక్ ఉండగా రోడ్డు మీద ఎందుకు పోయావు?"

ఆయన చెప్పిన జవాబు రికార్డులో ఇంగ్లీషులోకి మారి చప్పబడింది కానీ అసలుది ఇది: "సారూ, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, బండ్లు పెట్టిండ్రు, టిఫిన్ బండి ఉంది. మనిషే దిగి నడుస్తడు, సైకిల్ యాడ పోతది?"

సైకిల్ ట్రాక్ సంగతి నేను తర్వాత వాదనలో తీసుకున్నాను. హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గ సైకిల్ ట్రాక్ ఔటర్ పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సోలార్ పైకప్పు ట్రాక్. ఇరవై మూడు కిలోమీటర్లు, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు, చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఈ ప్రమాదం జులైలో జరిగింది, అప్పటికి అది ప్రారంభమే కాలేదు, ఈయన గేటు నుంచి పది కిలోమీటర్లకు తక్కువ దూరమూ లేదు. ఆదివారం పొద్దున కార్ల మీద సైకిళ్లు కట్టుకుని అక్కడికి పోయేవాళ్లను చూస్తుంటాను, తప్పు పట్టడం లేదు, నేనూ ఒకసారి పోయాను. పనికి పోయే సైకిల్ తిరిగే రోడ్లు వేరు అంతే.

ఫుట్‌పాత్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను చాలామంది అడుగుతారు, సైకిల్‌తో ఫుట్‌పాత్ ఎక్కొచ్చా అని. ఎక్కొద్దు. అది నడిచేవాళ్లది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ ఆర్టికల్ 21 కింద పాదచారి హక్కు అంది. దాని మీద సైకిల్ తొక్కుతూ ఎవరినైనా గుద్దితే పరిస్థితి ఇంకా ఘోరం. సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి ఆ కేసు మా ట్రిబ్యునల్‌కు రాదు, ఇన్సూరెన్స్ ఉండదు, సివిల్ కోర్టులో దావా, పరిహారం మీ జేబులోంచి, క్రిమినల్ కేసు అదనం. అలాంటిది ఒకటి నా దగ్గరికి వచ్చింది, ఇంజనీరింగ్ కుర్రాడు ఫుట్‌పాత్ మీద ఒక పెద్దావిడను గుద్దితే తుంటి ఎముక విరిగింది. కోర్టుకు పోకుండా వాళ్ల నాన్న ఆపరేషన్ ఖర్చంతా కట్టి రాజీ చేసుకున్నాడు. సైకిల్ దిగి తోసుకుంటూ పోతే గొడవ లేదు, అప్పుడు మీరు నడిచే మనిషే.

మా కేసులో మాత్రం ఫుట్‌పాత్ ఎక్కడం కుదిరే పని కూడా కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లవి, ఐఆర్‌సీ 103 అని పాదచారుల సదుపాయాల మీద మార్గదర్శకాలున్నాయి. అంచు ఎత్తు నూట యాభై మిల్లీమీటర్లు దాటకూడదు, నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి. అదే ఆదివారం అదే టేపుతో కొలిస్తే అంచు ఎత్తు ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మిగిలిన ఖాళీ ఒక మోచేతి వెడల్పు. ఫోటోలు ఎగ్జిబిట్లుగా వేశాం.

కంపెనీ తరఫున వాళ్ల అధికారి ఒకరు పాలసీ కాపీ పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు. కారు డ్రైవర్‌ను పిలవలేదు. ప్రమాదాన్ని కళ్లారా చూసినవాళ్లలో ముఖ్యుడు ఆయనే, ఆయన్నే బోను ఎక్కించకుండా ఎదుటివాడిది తప్పు అంటే ఏ ట్రిబ్యునలూ తేలిగ్గా నమ్మదు. ఎఫ్‌ఐఆర్ రెండు రోజుల ఆలస్యం గురించి కూడా వాదించారు, అది రోజూ వినేదే, ఆలస్యం ఒక్కటే క్లెయిమ్ కొట్టేయడానికి కారణం కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

2025 మార్చిలో అవార్డు, అంటే పరిహారం తీర్పు, వచ్చింది. జీతం పద్నాలుగు వేలు, నలభై నుంచి యాభై మధ్య వయసు కాబట్టి సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెరుగుదల 25 శాతం కలిపి 17,500. సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం నలభై ఏడేళ్లకు మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె, 13. మెడికల్ బోర్డు కాలుకు 45 శాతం వైకల్యం రాసింది, కంపెనీ మొత్తం శరీరానికి లెక్కిస్తే అది 15 కూడా రాదంది. దీని మీద సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ తీర్పు ఉంది, చూడాల్సింది ఆ వైకల్యం వల్ల సంపాదన ఎంత పోయిందని. రాత్రంతా నిలబడి తిరిగే ఉద్యోగం ఇక చేయలేడు కాబట్టి 35 శాతం తీసుకున్నారు. అలా 9,55,500. ఆస్పత్రి బిల్లులు 1,86,000, ఆరు నెలల జీతం 84,000, నొప్పికి 75,000, మనిషి సాయం, ప్రయాణాలు, తిండి కలిపి 60,000. మొత్తం 13,60,500. అందులో రాంగ్ సైడ్‌కు 20 శాతం, అంటే 2,72,100 కోసి, 10,88,400. పిటిషన్ తేదీ నుంచి ఏడున్నర శాతం వడ్డీ.

కోత తప్పలేదు. తప్పుతుందని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. తీర్పులో జడ్జి గారు రాసిన కారణం నాకు నచ్చింది: పిటిషనర్ తాను ఎదురు దిశలో వచ్చానని తనే ఒప్పుకున్నాడు, అందుకే మిగతా విషయాల్లో అతని మాట నమ్మదగ్గదిగా ఉంది అని. కంపెనీ అప్పీలుకు పోతుందనుకున్నాం, పోలేదు, డిపాజిట్ చేసింది. సగం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది, ఆ వడ్డీ నెలనెలా తీసుకుంటాడు.

సైకిల్ కేసులు చేసే జూనియర్లు అడిగితే నేను చెప్పేది ఒక్కటే: లా పుస్తకం తీసే ముందు టేపు తీసుకుని రోడ్డు మీదికి పొండి. సైకిల్ ఎక్కడ ఉంది అనే ప్రశ్నకు సెంటీమీటర్లలో జవాబు ఉంటే మిగతాది తేలిక. ఇంట్లోవాళ్లకైతే, విరిగిన సైకిల్ అమ్మొద్దు, పడ్డచోటు ఫోటోలో కదలనిది ఏదో ఒకటి, స్తంభమో మ్యాన్‌హోలో, కలిసి రావాలి, ఎఫ్‌ఐఆర్‌కు చూడని మనిషిని పంపితే "నేను చూడలేదు, విని రాస్తున్నాను" అని రాయించండి. పోలీసులు నలభై ఎనిమిది గంటల్లో మొదటి ప్రమాద రిపోర్టు, తొంభై రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నుంచి రూలు ఉంది, ఆ కాపీ అడిగి తీసుకోండి, బాధితుల హక్కు అది. గుద్దిన బండి దొరక్కపోయినా వట్టిచేతులతో పోనక్కర్లేదు, హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి యాభై వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు వస్తాయి.

బ్యాటరీ సైకిళ్ల గురించి ఒక మాట, ఈ మధ్య డెలివరీ కుర్రాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు పాతిక కిలోమీటర్ల లోపు ఉంటేనే కేంద్ర రూల్స్ దాన్ని మోటారు వాహనం కాదంటాయి. షాపువాడు వైరు తీసి స్పీడు పెంచాడంటే ఆ రోజు నుంచి అది లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటార్‌సైకిల్. అప్పుడు క్రాస్‌లో డ్రైవింగ్ లైసెన్సు ఉందా అని అడిగితే నేను నవ్వలేను.

సైకిళ్లకూ నడిచేవాళ్లకూ సొంత రూల్స్ చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో 138(1ఎ) కింద రాష్ట్రాలకు ఇచ్చారు. ఆరేళ్లు గడిచాక, 2025 అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఆరు నెలల్లో చేయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. ఆ రూల్స్ రాసేవాళ్లు ఎడమవైపే తొక్కాలి, లైట్ ఉండాలి అని రాయడం చాలా తేలిక. కోల్‌కతాలో లాగా ఫలానా రోడ్ల మీద సైకిలే వద్దు అనడం ఇంకా తేలిక. గేటుకూ సందుకూ మధ్య డెబ్బై మీటర్లకు మూడు కిలోమీటర్లు తిప్పే డివైడర్ గురించి కూడా ఒక లైను రాస్తారేమో అని నా ఆశ.

ఆయన ఇప్పుడు వేరే అపార్ట్‌మెంట్‌లో పగటి డ్యూటీ, లిఫ్ట్ దగ్గర కుర్చీలో. మోకాలు పూర్తిగా మడవదు, సైకిల్ తొక్కలేడు. పోయిన నెల అటు పని ఉండి వెళ్తూ ఆగాను. మ్యాన్‌హోల్ మూత అక్కడే ఉంది. ఫుట్‌పాత్ ఎత్తు అంతే ఉంది, కాకపోతే ఎవరో రెండు గ్రానైట్ ముక్కలు ర్యాంపులా వేశారు. నేను నిలబడ్డ పది నిమిషాల్లో దాని మీదుగా ఏడు బైకులు ఫుట్‌పాత్ ఎక్కాయి.